లేదని చెప్పే పని

మా ముత్తాతగారు గోదావరి మన్యం అంచున ముఠాదారు, అంటే కొన్ని ఊళ్ల మీద శిస్తు వసూలు చేసే హక్కున్న మనిషి. కలెక్టరు క్యాంపుకి వచ్చినప్పుడు ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చునే కొద్దిమందిలో ఆయన ఒకరు. మా తాతగారు జిల్లా బోర్డు సభ్యులు, మా ఫిర్కాలో మొదటి రైసు మిల్లుకి యజమాని. మా నాన్నగారు ఆ మిల్లు గేటుకి చివరిసారి తాళం వేసిన మనిషి. నేను ఆ ఇంటి పెద్ద ఆడపిల్లని. సిడ్నీలో, పెండిల్ హిల్ స్టేషన్‌కి దగ్గర్లో, టిఫిన్లూ భోజనాలూ పెట్టే షాపు నడిపాను. ఈ వాక్యాలు ఒకదాని పక్కన ఒకటి రాయడానికి నాకు సిగ్గేమీ లేదు. తలవంపు లేని పని ఏదైనా నాకు ఒకటే.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. తాతగారు నిర్ణయం చెప్పేవారు. విన్నవాళ్లు ‘చిత్తం’ అనేవారు. అక్కడితో సరి. ఆ తర్వాత ఆయన ఆ పని గురించి మళ్లీ అడగడం మర్యాద కాదు, ఎదుటిమనిషిని నమ్మనట్టు. ఎదుటివాళ్లు సందేహం అడగడమూ మర్యాద కాదు, ఆయన సరిగా చెప్పలేదన్నట్టు. ఇలా ఇద్దరి గౌరవమూ నిలబడేది. పని మాత్రం ఎక్కడో మధ్యలో ఆగిపోయేది.

కేరళ వ్యాపారులు ఉప్పుడు బియ్యం కోసం మా వైపు తిరుగుతున్న రోజుల్లో తాతగారు మన మిల్లు కూడా అటు మారాలని నిశ్చయించారు. వడ్లు నానబెట్టే తొట్లు కట్టాలి, ఉడికించే బాయిలరు తేవాలి. వసారాలో నిలబడి చెప్పారు. అందరూ చిత్తం అన్నారు. తొట్లు ఎక్కడ కట్టాలో ఎవరో వచ్చి చూపిస్తారని మేస్త్రీ ఎదురుచూశాడు. మేస్త్రీ కబురు పెడతాడని గుమాస్తా ఎదురుచూశాడు. తాతగారే ఎవరికో పురమాయించి ఉంటారని నాన్నగారు అనుకున్నారు. ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ బద్ధకించలేదు. మరుసటి పంటకి పక్క ఊరి మిల్లులో బాయిలరు పొగగొట్టం లేచింది. పొలం నుంచి వస్తూ తాతగారు ఆ పొగ చూశారట. ఇంటికొచ్చి భోజనం చేసి పడుకున్నారు.

తాతగారి నిర్ణయం సరైనదే. అప్పటికీ ఇప్పటికీ నేను అదే అంటాను.

పెండిల్ హిల్ షాపులో ఇడ్లీ నుంచి గోబీ మంచూరియా దాకా అన్నీ ఉండేవి. వారం మధ్యలో మధ్యాహ్నం పూట బల్లలు ఖాళీగా ఉండేవి. సాయంత్రానికి సాంబారు సగం మిగిలిపోయేది. కానీ శనాదివారాల్లో ఫోను ఆగేది కాదు. స్కోఫీల్డ్స్ వైపు కొత్త ఇళ్లు లేస్తున్నాయి. వారంవారం ఎవరో ఒకరి గృహప్రవేశం. ఉల్లీ వెల్లుల్లీ లేకుండా నమ్మకంగా వండిపెట్టేవాళ్ల కోసం అందరూ వెతుక్కుంటున్నారు. అదే సమయానికి షాపు లీజు అయిపోవచ్చింది. ఇంకో ఐదేళ్లకి సంతకం పెడతారా, ఖాళీ చేస్తారా అని ఏజెంటు అడగడం మొదలుపెట్టాడు. సంతకం పెడితే ఆ ఖాళీ బల్లల మధ్య ఐదేళ్లు ఇరుక్కున్నట్టే. ఖాళీ చేసి కొత్తది నడవకపోతే అసలే ఏమీ ఉండదు. మా కుటుంబంలో సొంత పేరు మీద మిగిలిన వ్యాపారం అదొక్కటే.

నేను నిర్ణయించుకున్నాను. షాపు వదిలేయాలి. స్కోఫీల్డ్స్ దగ్గర వంటకి మాత్రమే ఒక చోటు అద్దెకి తీసుకోవాలి. కౌంటరు లేదు, బల్లలు లేవు. శుభకార్యాలకి భోజనం, అదీ ఒక్కటే మెనూ.

మా వారు బ్యాంకులో పనిచేస్తారు, రిస్కు చూసే విభాగం. ఇంట్లో రిస్కు ఉన్న మాట ఒక్కటీ మాట్లాడరు. “బాగుంది,” అన్నారు.

షాపు మూసి ఉండే సోమవారం అందరినీ పిలిచి చెప్పాను. అందరూ అంటే పెద్దమందేమీ కాదు. వంటాయన నెల్లూరు వైపు మనిషి, వయసులో నాకంటే పెద్ద, అయినా నన్ను అమ్మా అంటాడు. వ్యాను నడిపి ఆర్డర్లు చూసుకునే అతను గుంటూరు నుంచి ఇక్కడి యూనివర్సిటీకి వచ్చి, అకౌంట్స్ చదివి, పీఆర్ తెచ్చుకుని, పెళ్లి చేసుకుని ఇక్కడే స్థిరపడ్డాడు. అతనికి నేను ఆంటీని. ఆ పిలుపు నాకు నచ్చదు. ఈ దేశంలో దాన్ని తప్పించుకునే దారీ లేదు. ఇంకొకరు మా తోటికోడలు. ఆసుపత్రిలో నర్సు. సెలవు రోజుల్లో వచ్చి డబ్బాలు సర్దుతుంది. కరీంనగర్ పిల్ల, నన్ను ‘నువ్వు’ అంటుంది. మా వైపు అయితే పెద్ద తోటికోడల్ని అలా అనరు. మొదట్లో చెవికి గుచ్చుకునేది.

నేను నిలబడే చెప్పాను: వంటకి చోటు చూడాలి, ఈలోగా బోర్డు మీది వంటకాలు తగ్గిస్తూ రావాలి. “అలాగేనమ్మా,” అన్నాడు వంటాయన. “ఓకే ఆంటీ, డన్,” అన్నాడు గుంటూరతను.

కొన్ని వారాలు గడిచాయి. ఒకరోజు తలెత్తి చూస్తే గోడ మీది బోర్డులో వంటకాలు తగ్గలేదు సరికదా, రెండు పెరిగాయి. ఎవరో కస్టమరు అడిగాడని బేబీ కార్న్ వచ్చి చేరింది. కొత్త చోటు ఏమైందంటే “చూస్తున్నా ఆంటీ” అన్నాడతను. ఏజెంటు మళ్లీ ఫోన్ చేశాడు. ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించడానికేముంది, ఎప్పుడో నిర్ణయించాను కదా అనుకున్నాను. అప్పుడు నాకు ఎందుకో పక్క ఊరి మిల్లు పొగ గుర్తొచ్చింది.

ఆ శనివారం ఆర్వో, అంటే ఇక్కడివాళ్ల మాటలో మధ్యాహ్నం దాటాక, షాపు మూసే వేళకి, మా తోటికోడలు మూతలు తుడుస్తూ అంది:

“అక్కా, ఒకటి అడుగుత. ఏమనుకోవు గదా?”

“అనుకునేదీ లేనిదీ విన్నాక చెప్తాను.”

“నువ్వు చెప్పినవ్. వాళ్లు ఓకే అన్నరు. వాళ్లకేం సమజైందో అడిగినవా?”

“అడగడమేమిటి? వాళ్లేమైనా చిన్నపిల్లలా?”

“మా వార్డుల డాక్టరు ఫోన్ల మందు చెప్తే నేను మళ్ల చెప్పాలె. ఏ మందు, ఎంత, ఎవ్వరికి. ఆయన అవునన్నంకనే ఇస్త. నేనేమన్న చిన్నపిల్లనా? ఇన్నేండ్ల సర్వీసు నాది.”

“అది ఆసుపత్రి. అక్కడ పొరపాటైతే మనిషి పోతాడు.”

“గిక్కడ పోయేదేం లేదా మరి?”

ఆమె ఇంకో మూత తీసుకుని వెలుతురుకి పట్టి చూసింది.

“మీ తాత ముంగట చిత్తం అంటుండిరంట గద, మా ఆయన చెప్పిండు. నీ ముంగట ఓకే ఆంటీ అంటున్నరు. గంతే తేడా.”

“మా తాతగారి ఊసు నీకెందుకు?”

“ఊకెనే అన్న, అక్కా. మూతలు లెక్కకు తక్కువున్నయ్, చూస్కో.”

రెండు రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. చెప్పిన మాట తిరిగి చెప్పమనడం మా ఇంట్లో అవమానం. బడి పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు. నాకంటే పెద్దవాడైన వంటాయన్ని అలా నిలబెట్టి అడగడం ఎలాగో నాకు తోచలేదు. కానీ ఏజెంటు గడువు పెట్టేశాడు. వచ్చే శనివారం తర్వాతి సోమవారానికి అవునో కాదో చెప్పాలి. ఆ శనివారమే స్కోఫీల్డ్స్‌లో మా మొదటి పెద్ద గృహప్రవేశం, కొత్త మెనూతో. అది సరిగ్గా జరిగితే షాపు వదిలేయవచ్చు. జరగకపోతే ఐదేళ్ల కాగితం మీద సంతకం పెట్టడమే.

మంగళవారం అందరినీ మళ్లీ పిలిచాను. ఈసారి నేనూ బల్ల దగ్గర కూర్చున్నాను. టీ పోసి ఇచ్చాను.

“నేను చెప్పను. మీరు చెప్పండి,” అన్నాను. “శనివారం ఏం చేస్తున్నాం?”

వంటాయన గ్లాసు పక్కన పెట్టాడు. “స్కోఫీల్డ్స్ గృహప్రవేశం. మెనూ మీరు చెప్పిందేనమ్మా.”

“అదేమిటో చెప్పండి.”

“పులిహోర, బూరెలు, ముద్దపప్పు, దప్పళం, కంద బచ్చలి, దోసకాయ పచ్చడి, పెరుగు. ఉల్లి లేదు, తెల్లగడ్డ లేదు.” కాస్త ఆగాడు. “పనీరు కొంచెం.”

“పనీరు ఎక్కడిది?”

“ఆ ఇంటాయన నిన్న ఫోన్ చేసినాడమ్మా. పిల్లకాయలు తినరంట. గోబీ గూడా అడిగినాడు. సరే అన్నా.”

మా తోటికోడలు అటు తిరిగి నవ్వింది.

“మెనూ ఒకటే అని చెప్పాను కదా?”

“చెప్పినారు. ఒకటే. దాని పక్కన పనీరు.”

“గోబీలో ఉల్లిపాయ వేయరా?”

“వేరే పొయ్యి మీద చేస్తా.”

నాకు కోపం వచ్చిన మాట నిజం. కానీ అతను తల దించుకోలేదు. నా కళ్లలోకే చూస్తూ చెప్పాడు:

“ఒక మాట చెప్పేదా? అడిగినోళ్లకి లేదనడం నాకు రాదమ్మా. మా నాయన పెళ్లిళ్లకి వండేటోడు. ఆయనకీ రాదు. విస్తరి ముందు కూర్చున్నోడు అడిగితే లేదని ఎట్టంటాం? వంట మార్చమనండి, మారుస్తా. నోరు మార్చమంటే యాడ మార్చేది?”

బోర్డు ఎందుకు పెరుగుతోందో అప్పుడు తెలిసింది. నా నిర్ణయాన్ని ఎవరూ కాదనలేదు. మెనూ ఒకటే అనాలంటే రోజూ ఎవరో ఒకరు ఎవరికో లేదని చెప్పాలి. ఆ పని ఎవరిదో నేను చెప్పలేదు, వాళ్లు అడగలేదు. వంట అతనిది, వ్యాను ఇతనిది, లేదనడం ఎవరిదీ కాదు.

లేదనడం మా ఇంటివాళ్లకి చక్కగా వచ్చు. ముఖం చిట్లించకుండా, గొంతు పెంచకుండా, కారణాలు వెతుక్కోకుండా లేదంటాం. ఈ దేశం వచ్చాక నాకు దానితో పెద్దగా అవసరం పడలేదు.

“ఇకనుంచి పార్టీవాళ్ల ఫోన్లు నాకివ్వండి,” అన్నాను. “లేదని చెప్పే పని నాది.”

వంటాయన గ్లాసు మళ్లీ తీసుకున్నాడు. “ఆ ఒక్క మాట చాలమ్మా. ఇంక నేను హాయిగా వండుకుంటా.”

“ఆంటీ, నాది కూడా చెప్పాలా?” అన్నాడు గుంటూరతను. “వైవాలాగా ఉంది.”

“చెప్పాలి.”

“వంటకి చోటు చూడమన్నారు. చూశా.”

“ఎప్పుడు?”

“మీరు చెప్పిన వారమే. రెండు మూడు చూశా. ఒకటి మాత్రం సూపర్ ఆంటీ, ఇంతకుముందు కేకులు చేసేవాళ్లదంట, కూల్‌రూమ్ కూడా ఉంది. ఫొటోలున్నాయి.” ఫోను నా ముందుకి జరిపాడు.

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“మీరు చూడమన్నారు, చూశాను. ఎలా ఉందని మళ్లీ అడగలేదుగా. నచ్చలేదేమో, మనసు మార్చుకున్నారేమో అనుకున్నా. ఇంకా చూస్తూనే ఉన్నా.”

మా తోటికోడలు ఈసారి దాచుకోకుండా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, కానీ ఆమె ముందు నవ్వడం ఇష్టం లేక ఫొటోలు చూశాను. చోటు నిజంగానే బాగుంది. అన్ని వారాలూ అది అతని ఫోనులో పడి ఉంది.

ఆ రోజే గృహప్రవేశం వాళ్ల ఇంటాయనకి ఫోన్ చేశాను.

“పనీరూ గోబీ ఉండవండి,” అన్నాను.

“అదేంటండీ, మీ కుక్ ఓకే అన్నారు కదా.”

“ఆయన మర్యాదస్తులు. అందుకని నేను చెప్తున్నాను.”

“మా ఆఫీసు వాళ్లు కూడా వస్తున్నారండీ, ఆస్ట్రేలియన్స్. దే మే నాట్ ఈట్...”

“పులిహోర తింటారు. కారం మేం చూసుకుంటాం.”

“పిల్లలు?”

“బూరెలు తింటారు.”

“ఇంట్లో కనుక్కుని చెప్తానండీ,” అని పెట్టేశాడు.

బుధవారం ఫోన్ రాలేదు. గురువారమూ రాలేదు. వాళ్ల కాలనీ అంతటికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ఏం రాసి ఉంటారో అని మా వారు ఊహిస్తూ కూర్చున్నారు. ఆయన ఉద్యోగమే అది. వంటాయన కంద తెప్పించాలా వద్దా అని నా ముఖం చూశాడు. తెప్పించమన్నాను. మా పద్ధతిలో అయితే నేను మళ్లీ ఫోన్ చేయకూడదు. చేస్తే బతిమాలినట్టు. శుక్రవారం పొద్దున చాలాసేపు ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాను. చివరికి, బతిమాలడం లేదు, తిరిగి చెప్పించుకుంటున్నాను అనుకుని నంబరు నొక్కాను.

వాళ్లావిడ తీసింది.

“రేపటికి ఏం అనుకున్నామో ఒకసారి మీరు చెప్తారా అండీ?” అన్నాను. “మేం సరిగ్గా విన్నామో లేదో చూసుకుంటాను.”

“పాలు పొంగించేది పొద్దున్నేనండీ. భోజనాలు పదకొండు దాటాక. గరాజ్‌లో బల్లలు వేస్తున్నాం. పులిహోర, బూరెలు, పప్పు, దప్పళం. ఉల్లిపాయ లేకుండా. అంతే కదా?”

“పనీరు సంగతి?”

“పనీరా? గృహప్రవేశానికి పనీరెందుకండీ?” ఫోను దూరం పెట్టి పిలిచింది. “ఏవండీ, పనీరేమైనా అడిగారా మీరు?” లోపలి నుంచి ఏదో సణుగుడు వినిపించింది. “అడిగారట. నాకు చెప్పనేలేదు. మా అత్తగారు వింటే ఇంకేమైనా ఉందా? వద్దండీ. మీరు లేదని చెప్పి మంచిపని చేశారు.”

కనుక్కుని చెప్తానన్న మనిషి ఇంట్లో కనుక్కోనేలేదు. వాళ్లింటి తీరు వాళ్లది. నేను ఫోను పెట్టేసి ఒక గ్లాసు మంచినీళ్లు తాగాను. వంటగదిలోకి వెళ్లి, “పనీరు లేదు,” అన్నాను. “కంద వచ్చింది,” అన్నాడు వంటాయన.

ఆ ఆర్వో గుంటూరతను ఎవరూ చెప్పకుండానే స్కోఫీల్డ్స్ వెళ్లి దారి చూసొచ్చాడు. ఆ వీధి ఇంకా మ్యాపులో రాలేదు. ఒక కొత్త రౌండెబౌట్ దాటాక మట్టిరోడ్డు, అక్కడినుంచి ఎడమకి. వచ్చాక అదంతా నాకు తిరిగి చెప్పాడు. నేను అడగలేదు.

శనివారం మేం వెళ్లేసరికి పంతులుగారి పూజ చివర్లో ఉంది. ఇంటి ముందు గడ్డి ఇంకా వేయలేదు. బురద మీద చెక్కపలకలు వేశారు, గుమ్మానికి మామిడాకులు కట్టారు. ఎక్కడినుంచి సంపాదించారో తెలియదు. గరాజ్‌లో బల్లల మీద తెల్ల కాగితం పరిచి వడ్డించాం. మొదటి వరుసలో పెద్దవాళ్లు. ఇంటాయన తల్లి దప్పళం నోట్లో పెట్టుకుని, పక్కావిడతో ఏదో అని, గిన్నె ఇటు తెమ్మని చెయ్యి ఊపింది. ఆఫీసు వాళ్లు పులిహోర రెండోసారి వేయించుకున్నారు. ఇంటాయన కూతురు బూరె కొరికి, లోపల పూర్ణం చూసి, “కెన్ ఐ హావ్ అనదర్ వన్?” అంది. “తెలుగులో అడుగమ్మా,” అంది నానమ్మ. “ఇంకోటి,” అంది పిల్ల.

ఇంటాయన నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పనీరు ఊసు తేలేదు. “బాగుందండీ,” అన్నాడు. “మా కొలీగ్‌ది వచ్చే నెల. ఇదే మెనూనా?”

“ఇదొక్కటే మెనూ.”

“అదే చెప్తాను.”

తిరిగి వస్తుంటే వ్యానులో ఖాళీ గిన్నెలు ఒకదానికొకటి తగులుతూ మోగాయి. అడుగంటా ఖాళీ. నేను ముందు సీటులో కూర్చున్నాను. వెనక నుంచి మా తోటికోడలు, “అక్కా, ఇగ ఊపిరి తీస్కో. పొద్దుగాల్నుంచి బిగవట్టుకుని కూసున్నవ్,” అంది. ఆమె చెప్పేదాకా నాకు తెలియలేదు. వీపు సీటుకి ఆనించాను. అలా ఆనుకుని కూర్చోవడం నాకు అలవాటు లేదు. ఆ రోజు ఇల్లు చేరేదాకా అలాగే కూర్చున్నాను.

మా తాతగారు గొప్పగా ఆలోచించగల మనిషి. ఆయన చుట్టూ ఉన్నవాళ్లూ మంచివాళ్లే. ఆయన పక్కన ఒక కరీంనగర్ తోటికోడలు ఉండి ఉంటే అని మాత్రం అనుకుంటాను. ఆ మాట ఆమెతో ఇంతవరకూ అనలేదు. అంటే ఇంక ఆపలేం.

సోమవారం ఏజెంటుకి ఫోన్ చేసి లీజు కొనసాగించడం లేదని చెప్పాను. “లేదంటే లేదనేనా?” అని అడిగాడు. లేదనే అన్నాను. ఆ వారమే కేకుల వాళ్లు వదిలిన చోటుకి తాళాలు తీసుకున్నాం. వంటాయన ముందు పొయ్యిలు చూశాడు, తర్వాత కూల్‌రూమ్‌లోకి వెళ్లి తలుపు వేసుకుని చూశాడు, బయటికి వచ్చి బాగుందన్నాడు.

నెలాఖరుకి పెండిల్ హిల్ షాపులోని బల్లలు, కుర్చీలు, అద్దాల కౌంటరు, కాఫీ మిషను అమ్మేశాం. బ్రిస్బేన్‌లో సన్నీబ్యాంక్ దగ్గర హోటలు పెట్టుకుంటున్న దంపతులు కొని, లారీలో తీసుకెళ్లారు.